తాళములేని తలుపు

స్కాట్లండు దేశమున కేర్న్‌గార్మ్ పర్వతముల నడుమ, డీ నదీలోయలో, కొరౌర్ అను చిన్న రాతియిల్లు గలదు. ఏ దిక్కునుండి వచ్చినను కొన్నిగంటలు నడవవలసినదే. 1877లో జింకలను కాచువానికొఱకు దానిని కట్టించిరి. 1920లో కడపటి కావలివాడు వెడలిపోగా అది కొండలలో తిరుగు బాటసారుల పాలయ్యెను. ఇట్టి యాశ్రయములను అచ్చట ‘బాతీ’లందురు. 1965లో ఏర్పడిన మౌంటెన్ బాతీస్ అసోసియేషన్ సుమారు నూఱింటిని కాపాడుచున్నది. వానిలో విద్యుద్దీపము లేదు, పఱపు లేదు. నీటికి వాగే దిక్కు. అద్దె లేదు. తలుపునకు తాళమును లేదు.

దిగువారికి కట్టుబాటులు మాత్రము గలవు. తెచ్చిన చెత్తను మోసికొనిపోవలెను, పచ్చిచెట్లు నఱుకరాదు, నిప్పార్చి తలుపు బిగియ మూయవలెను. పిమ్మటివారికై చితుకులు కొన్ని మిగిల్చిపోవుట అచ్చటి మర్యాద. చూచువాడు లేడు, శిక్షించువాడు లేడు.

ఈ సంగతి తరగతిలో చెప్పగా ఒక బాలుడు, “మిగిల్చినదెవరో వచ్చినవారికి తెలియదుగదా, ఎందుకండీ మిగుల్చుట?” అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

పితృఋణము సంతానముచే తీరునని మన శాస్త్రములు చెప్పుచున్నవి. అనగా బాకీ వెనుకటివారికి, చెల్లింపు ముందటివారికి. ఈ భావము గొప్పదే. కాని అందు ఇరువైపుల నున్నది మన వంశమే. కొరౌర్‌లో అట్లుగాదు. రేపు తడిసి వణకుచు వచ్చువాని పేరు తెలియదు, కులము తెలియదు. మనకును సత్రములు గలవు. వానిని నిలిపిన దాతల పుణ్యము చిన్నది కాదు. అయినను, ఎన్ని సత్రములలో అన్నమునకు ముందు కులము నడిగిరో మఱవరాదు. దాత తన పేరు శిలపై చెక్కించుకొనెను. బాటసారి తన కులము వాకిట చెప్పుకొనవలసివచ్చెను. చితుకులు మిగిల్చినవాడు ఈ రెండును కోరలేదు.

ఈ నమ్మకమునకు ద్రోహము జరుగదా? జరుగుచున్నది. సీసాలను పాఱవైచి పోవువారున్నారు. సంఘసేవకులు వానిని వీపున మోసి దింపుచున్నారు. అయినను తాళము వేయలేదు. తాళము దుష్టునితోబాటు మంచులో చిక్కినవానిని గూడ ఆపునుగదా!

మఱునాడు ఆ బాలునితో, “నాయనా, నీవు చేరునప్పటికి అచ్చట చితుకులున్నవి. అందులకే మిగుల్పవలె” నంటిమి. ఊరిచెఱువు, బడి, గ్రంథాలయములోని పుస్తకము – ఇవియు మనకు ముందటివారు మిగిల్చిన చితుకులే. వానిని మనము ఏ స్థితిలో విడిచిపోవుదుమో ఆలోచింపవలసియున్నది.