శాంతి నేర్వదగిన విద్యయేనా?

మహాభారతమున శాంతిపర్వము యుద్ధమునకు ముందు రాలేదు. పదునెనిమిది దినముల రణము ముగిసిన పిదప వచ్చినది. కురుక్షేత్రము శ్మశానమైన తరువాత, విజయమే భారమై తోచిన ధర్మరాజు అంపశయ్యపై నున్న భీష్ముని చెంత కూర్చుండి రాజధర్మమును, ఆపద్ధర్మమును, మోక్షధర్మమును అడిగి తెలిసికొనెను. అంతటి ఉపదేశము వినుటకు కురువంశమున అప్పటికి మిగిలినవా రెందరు? ఆ ప్రశ్నలనే, ఆ పితామహునే, కుమారులందరును చిన్ననాడే కలిసి కూర్చుండి అడిగియుండిన కథ వేరొక విధముగ నడచియుండెడిదేమో! వారందరును ఒకే గురువునొద్ద విలువిద్య నేర్చిరి. గురి తప్పక కొట్టుట నేర్చిరి. ఎదుటివాని మాట చివరివరకు వినుట యను విద్యకు మాత్రము ఆ శాలలో పాఠము లేకపోయెను.

యుద్ధమునకు ఇన్ని పాఠశాల లుండగా శాంతికి పాఠశాల యేల యుండరాదను ప్రశ్న రెండవ ప్రపంచ సంగ్రామానంతరము పాశ్చాత్య దేశములలో బలముగ తలయెత్తినది. 1948లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున మాంచెస్టర్ కళాశాల శాంతి అధ్యయనమును పట్టవిద్యలో నొక పాఠ్యవిషయముగ ప్రారంభించెను. 1959లో నార్వే దేశమున, ఓస్లో నగరమున, యోహాన్ గాల్టుంగ్ శాంతి పరిశోధనకై ఒక సంస్థను నెలకొల్పెను. అంతకు నాలుగేండ్ల ముందే ఆయన ఆర్నే నేస్ అను తత్త్వవేత్తతో కలిసి గాంధీజీ రాజకీయ నీతినిగూర్చి ఒక గ్రంథము ప్రకటించియుండుట గమనింపదగినది. ఇట్లు మొలకెత్తిన ఈ విద్య క్రమముగ విశ్వవిద్యాలయముల ప్రాకారములను దాటి, అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలలలోనికిని ప్రవేశించినది. సంఘర్షణ పరిష్కారము, మధ్యవర్తిత్వము అను పేర్లతో అచ్చట నేడు పాఠములు జరుగుచున్నవి.

ఈ కళాశాలల స్వభావము కొంత తెలియవలెను. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రములోని జోలియట్ పట్టణమున ఇట్టి కళాశాల మొదట వెలసినది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము వీనిని దేశమంతట వ్యాపింపజేయవలెనని సూచించి, కమ్యూనిటీ కళాశాల యను పేరునకు ప్రచారము కలిగించెను. నేడు ఆ దేశమున ఇట్టివి దాదాపు వేయి కలవు. చదువు రెండేండ్లు, రుసుము స్వల్పము, ద్వారము అందరికిని తెరచియుండును. పగలు పనిచేసి సాయంకాలము చదువువారు, బిడ్డల తల్లులు, సైన్యమునుండి తిరిగివచ్చినవారు, పరదేశమునుండి వచ్చి క్రొత్త భాష నేర్చుకొనుచున్నవారు, పాఠశాల ముగించిన పదునెనిమిదేండ్ల బాలురు, అందరును ఒకే గదిలో కూర్చుందురు.

సేనాపతులును, రాయబారులును సామాన్యముగ ఇచ్చటికి రారు. ఇచ్చటివారిలో ననేకులకు తగవు వార్తాపత్రికలో చదివెడి విషయము కాదు. ఇంటిలోను, పనిచోటను, పొరుగువానితోను నిత్యము అనుభవించెడి బాధ. యుద్ధమెరిగిన వాడును, యుద్ధమునకు వెరచి ఇల్లు విడిచి వచ్చినవాడును ప్రక్కప్రక్కన కూర్చుండి శాంతినిగూర్చి మాటలాడుకొనుట ఇట్టి చోట సంభవించును. కావున శాంతి నిజముగ నేర్వదగిన విద్యయేనా యను ప్రశ్నను పరీక్షించుటకు ఈ సామాన్యుల తరగతిగది తగిన స్థలము.

అచ్చట చెప్పెడి విషయమేమి? దానికి మూలమైన ఒక చిన్న ఉదాహరణము చాలును. మేరీ పార్కర్ ఫాలెట్ (1868–1933) బోస్టన్ నగరమున సంఘసేవ చేసిన విదుషి. 1925లో నిర్మాణాత్మక సంఘర్షణమునుగూర్చి చేసిన యుపన్యాసమున ఆమె తన యనుభవమొకటి చెప్పెను. హార్వర్డ్ గ్రంథాలయములోని ఒక చిన్న గదిలో ఆమెయు, మరియొకరును చదువుకొనుచుండిరి. వారికి కిటికీ తెరవవలెనని యున్నది. ఈమెకు మూయవలెనని యున్నది. తుదకు ఎవరును లేని ప్రక్కగదిలోని కిటికీ తెరచిరి. వారికి కావలసినది గాలి గాని ఆ కిటికీ తెరచుటయే కాదు. ఈమెకు వలదనిపించినది నేరుగా తనపై వీచు ఉత్తరపు గాలి గాని గాలియే కాదు. కిటికీని సగము తెరచియుండిన ఇరువురికిని కొరతయే మిగిలెడిది.

ఫాలెట్ విభజనము ననుసరించి తగవు తీరుటకు మూడు మార్గములు కలవు. ఒకరు గెలిచి మరియొకరు ఓడుట మొదటిది. ఇరువురును కొంత కొంత వదలుకొనుట రెండవది. ఇరువురి నిజమైన అవసరములును తీరునట్లు క్రొత్త త్రోవను కనుగొనుట మూడవది. మనుష్యుడు నోట పలుకు పట్టుదల వేరు, దాని వెనుక నున్న అవసరము వేరు. ఈ రెంటిని విడదీయుటయే ఈ విద్యలో మొదటి పాఠము. దీనికై విద్యార్థులచే అభ్యాసములు చేయింతురు. ఎదుటివాడు చెప్పినదానిని, వాడు ‘అవును, నా మాట అదియే’ యని అంగీకరించువరకు, తిరిగి చెప్పవలెను. తనకు ఇష్టములేని పక్షమును తానే వాదింపవలెను. వినుటకు సులభముగ నున్నను, చేయబూనిన వానికి తెలియును అందలి కష్టము.

ఈ విద్యపై మూడు ఆక్షేపణలు కలవు. మూడును త్రోసిపుచ్చదగినవి కావు.

శాంతి గుణము గాని విద్య కాదు. గుణము పరీక్ష వ్రాసిన లభింపదనునది మొదటి ఆక్షేపణ. ఇందు సత్యము కలదు. క్షమనుగూర్చి నూరు పుటలు వ్రాసినవాడు ఇంటికి పోయి చల్లారిన అన్నమునకై కోపింపవచ్చును. అయినను మనోనిగ్రహమునకు అభ్యాసమును వైరాగ్యమును ఉపాయములని గీత బోధించుచున్నది. అభ్యాసమను మాటయే నేర్చుకొనుటకు చోటున్నదని తెలుపును.

దీనికి చరిత్రలో సాక్ష్యము కలదు. జేమ్స్ లాసన్ అను ఆఫ్రికన్ సంతతి అమెరికన్ క్రైస్తవ బోధకుడు 1953 మొదలు 1956 వరకు నాగపురమున హిస్లాప్ కళాశాలలో పనిచేసి, సత్యాగ్రహ మార్గమును శ్రద్ధతో అధ్యయనము చేసెను. స్వదేశమునకు మరలిన పిదప టెన్నెసీ రాష్ట్రములోని నాష్‌విల్ నగరమున విద్యార్థులను చేరదీసి చర్చి గదులలో శిక్షణ మిచ్చెను. అది ఉపన్యాసములు వినుటతో ముగిసిన శిక్షణము కాదు. కొందరు విద్యార్థులు దుర్భాషలాడువారుగను, త్రోయువారుగను నటింపవలెను. తక్కినవారు చేయెత్తక, కన్ను త్రిప్పక కూర్చుండవలెను. మరల పాత్రలు మారవలెను. 1960 ఫిబ్రవరి 13న ఆ విద్యార్థులు, నల్లవారికి భోజనము పెట్టని దుకాణములలోని బల్లల యొద్ద మౌనముగ కూర్చుండిరి. దెబ్బలు తినిరి, చెరసాలకు పోయిరి, తిరిగి కొట్టలేదు. ఆ సంవత్సరము మే 10న ఆ నగరపు దుకాణములు కొన్ని వారికి భోజనపు బల్లలు తెరచినవి. వారు పుట్టుకతో ఋషులు కారు; సామాన్య విద్యార్థులు. కోపము రాకుండుట వారికి సాధ్యమయ్యెనో లేదో వారి అంతరాత్మకే ఎరుక. కోపమునకు చేయి నీయకుండుట మాత్రము వారు నేర్చిరి.

రెండవ ఆక్షేపణ యింతకంటె తీవ్రమైనది. బలవంతునకును బలహీనునకును రాజీ కుదుర్చుట యనగా అన్యాయమునకు మెరుగు పెట్టుటయే గదా యని అడుగువారు కలరు. ఆకలిగొన్న వానికి ఓర్పు నేర్పు విద్య, తిన్నవానికి మేలు చేయుట లేదా? ఈ ప్రశ్నకు మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ చెరసాలనుండి వ్రాసిన లేఖలోనే సమాధానము కలదు. ఉద్రిక్తత లేకుండుట యొక శాంతి. న్యాయముండుట వేరొక శాంతి. మొదటిదానిని చూచి రెండవదియని భ్రమపడరాదని ఆయన హెచ్చరించెను. మరుసటి యేట గాల్టుంగ్ ఈ భేదమునే శాస్త్రపరిభాషలో నిలిపెను. కావున సరిగా బోధించిన శాంతివిద్య తగవును కప్పిపుచ్చదు. దాగియున్న తగవును వెలికి తెచ్చి, ద్వేషము లేకుండ నడపుట నేర్పును.

నాష్‌విల్ నగరముననే దీనికి నిదర్శనము జరిగినది. 1960 ఏప్రిల్ 19న విద్యార్థుల పక్షమున వాదించుచున్న న్యాయవాది గృహముపై బాంబు పడెను. వేలమంది మౌనముగ నడచి నగర కార్యాలయమునకు చేరిరి. అచ్చట డయాన్ నాష్ అను విద్యార్థిని నగరాధ్యక్షుడు బెన్ వెస్ట్‌ను, శరీరపు రంగునుబట్టి మనుష్యుని వేరుచేయుట తప్పని తాను భావించుచున్నాడా యని సూటిగ ప్రశ్నించెను. ఆమె అతనిని నిందింపలేదు. అధికారమును ప్రక్కకు తొలగించి అతనిలోని మనుష్యుని పిలిచెను. తప్పేయని అతడు అందరి యెదుట అంగీకరించెను. అన్యాయమును దాచకయు, అన్యాయము చేయువానిని మనుష్యులలోనుండి వెలివేయకయు నిలుచుట యెట్లో ఈ యొక్క ప్రశ్న తెలుపుచున్నది.

తెలుగువారికి శ్రీకృష్ణ రాయబారము చిరపరిచితము. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములను పల్లెపల్లెను రాత్రులు మేలుకొని చూచిన జాతి యిది. ఆ రాయబారి పాండవుల కష్టములను మరచిపొండని చెప్పలేదు. సభలో వానిని విప్పి చెప్పెను. అయినను కోరికను మాత్రము ఐదూళ్ళకు తగ్గించెను. సుయోధనుడు సూదిమొన మోపునంత నేలయు నీయననెను, సంధి పొసగలేదు. శాంతియత్నము ఎల్లప్పుడును ఫలించునని చెప్పిన ఏ విద్యయైనను అసత్యమే యగును. కాని ఆ యత్నము జరిగియుండుటచేతనే ధర్మమేవైపున నున్నదో లోకమునకు తేటపడినది.

ఇక మూడవ ఆక్షేపణ: ఈ నేర్పు కపటమునకు సాధనము కావచ్చును. ఎదుటివాని మనస్సెరుగుట శకునికిని తెలియును. వినుచున్నట్లు నటించి, ఎదుటివాని అవసరము నెరిగి, దానినే సంకెలగ చేసి బిగించువాడు తరగతిలో మొదటి స్థానము పొందవచ్చును. ఈ యపాయమునకు మందేమి?

1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మె ఈ ప్రశ్నకు వెలుగు చూపును. ప్లేగు కాలమున ఇచ్చిన అదనపు భత్యమును యజమానులు నిలుపదలచిరి. కార్మికులు 50 శాతము హెచ్చింపు కోరిరి. యజమానులు 20 శాతమునకు మించి ఈయమనిరి. యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయి. కార్మికుల పక్షమున నిలిచినది ఆయన సోదరి అనసూయాబెన్. గాంధీజీ మొదట చేసిన పని లెక్కలు పరిశీలించుట. కార్మికుల కోరికను 35 శాతమునకు తగ్గించి, అది లభించువరకు పనికి మరలరాదనియు, హింస చేయరాదనియు వారిచే ప్రతిజ్ఞ చేయించెను. ఎదుటిపక్షముతో పోరుటకు ముందు తన పక్షపు కోరికను న్యాయపు త్రాసున తూచుట ఇందలి విశేషము. దినములు గడచి కార్మికుల పట్టు సడలునపుడు ఆయన ఉపవాసము పూనెను. మూడు దినములలో ఒప్పందము కుదిరెను. మొదటి దినము 35 శాతము, రెండవ దినము 20, ఆపై ఆనందశంకర ధ్రువ తీర్పు వచ్చువరకు 27½. ఇరుపక్షముల మాటయు ఒక్కొక్క దినము చెల్లినది. ఎవరును తలవంచుకొని ఇంటికి పోలేదు. తరువాత తీర్పును 35 శాతముగనే వచ్చినది.

నేర్పు ఇంతవరకు. దానికంటె ఉన్నతమైనది తరువాత కలదు. తన ఉపవాసము కార్మికులకొరకే యైనను, తనపై స్నేహముగల యజమానులను అది ఒత్తిడి చేసినదనియు, అందుచేత అందు దోషము కలదనియు గాంధీజీ తన ఆత్మకథలో తానే ఒప్పుకొనెను. గెలిచిన తరువాత తన గెలుపును తానే పరీక్షించి తప్పు చూపినవాడు ఆయన. యుక్తిపరుడు ఎదుటివాని మనస్సును మాత్రమే శోధించును. ధర్మపరుడు తన మనస్సును ముందు శోధించును. ఇరువురి చేతిలోని సాధనము ఒక్కటే. భేదమంతయు ఇచ్చటనే కలదు.

వేదపఠనము ముగియునపుడు శాంతియను మాటను ముమ్మారు పలుకుదురు. తన దేహ మనస్సులలో పుట్టు బాధలు, ఇతర ప్రాణులవలన కలుగు బాధలు, దైవికముగ వచ్చు బాధలు, ఈ మూడును శమింపవలెనని దాని భావమని పెద్దలు చెప్పుదురు. కళాశాల తరగతి బోధింపగలిగినది ఇందు రెండవదానిని. మొదటిదానికి ఆచార్యుడు మార్కులు వేయలేడు. అయినను ఆ రెండును తెగిపోయిన గదులు కావు. ఎదుటివాని మాటను వాడంగీకరించునట్లు తిరిగి చెప్పుటకు పూనుకొన్నవాడు, ఆ కొలదిసేపైనను ‘నేను’ అను పట్టును సడలింపక తప్పదు. తాను పొరబడియుండవచ్చునను తలపు అప్పుడే మొదటిసారి లోనికి వచ్చును. వెలుపలి తగవును తీర్చబోయి లోపలి తగవును చూచుకొనుట ఈ విద్యయొక్క గూఢఫలము. ఆ చూపు లేక నేర్పు మాత్రమే సంపాదించినవానికి శకుని మార్గమే మిగులును.

సాయంకాలపు తరగతి ముగించుకొని ఇంటికి పోవు ఆ విద్యార్థి ప్రపంచ యుద్ధములను ఆపజాలడు. కాని ఆ రాత్రి ఇంటిలో మాట పెరిగినపుడు, జవాబు చెప్పుటకు ముందు ఒక్క క్షణము ఆగి, ఎదుటివారికి నిజముగ కావలసినదేమని అడుగగలిగిన, అతని విద్య సార్థకమైనది. భారతమున శాంతిపర్వము రణము ముగిసిన తరువాత వచ్చినది. ఎవని జీవితములో దానిని ఎచ్చట నుంచవలెనో నిర్ణయించుకొనుట వాని చేతిలోనే యున్నది.