కంటికి అందని విషం, ఆప్తుని మాట

నీరు పవిత్రమని నమ్మడం ఒక విషయం, ఆ నీటిలో యురేనియమో నైట్రేటో ఎంత ఉందో తెలుసుకోవడం మరొక విషయం. ఈ రెండూ ఒకదానికొకటి విరోధులు కావు గానీ, ఒకటి చేయవలసిన పనిని మరొకటి చేయజాలదు. నవనందుల నెలవైన నంద్యాల సీమలో ఈ భేదాన్ని గుర్తించడం మరింత అవసరం. మహానంది కోనేటి నీరు అడుగున పడిన వస్తువు కనిపించేంత తేటగా నిలుస్తుంది, ఆ ఊట నీరే కిందికి పారి పొలాలను తడుపుతుంది. నంద్యాలను ఒరుసుకుంటూ సాగే కుందూ నది కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. నీటిని మలినం చేయరాదన్న నియమం ధర్మశాస్త్రాల్లో లేకపోలేదు; నీటిలో వేయకూడని వాటిని చెబుతూ మనుస్మృతి నాలుగో అధ్యాయం మలమూత్రాలు, రక్తంతో పాటు విషాలను కూడా పేర్కొంది. అయితే తేటదనం కంటికి అందే గుణం, నిరపాయత కంటికి అందని గుణం. కనబడని విషం ఉన్నట్టు ఎలా తెలియాలి, అది తేలేలోపు సంశయం వల్ల కలిగే నష్టాన్ని ఎవరు భరించాలి అన్నవే ఇక్కడి అసలు తాత్త్విక ప్రశ్నలు.

న్యాయదర్శనం యథార్థజ్ఞానానికి నాలుగు సాధనాలను అంగీకరిస్తుంది: ఇంద్రియాలకు నేరుగా అందే ప్రత్యక్షం, పొగను చూసి నిప్పును ఊహించే అనుమానం, పోలికతో తెలిసే ఉపమానం, నమ్మదగినవాని మాటతో తెలిసే శబ్దం. చార్వాకులు ప్రత్యక్షాన్ని మాత్రమే ఒప్పుకున్నారు. కొన్ని విషాల విషయంలో ప్రత్యక్షమే చాలు: 2020 జూన్ 27న నంద్యాలలోని ఒక కర్మాగారంలో అమ్మోనియా వాయువు వెలువడి ఒకరు మరణించినప్పుడు, అంతకు ఏడు వారాల ముందు విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొన్నప్పుడు, ప్రమాదాన్ని ముక్కూ కళ్లూ ఊపిరితిత్తులే చాటాయి. భూగర్భజలంలోకి చేరే నైట్రేట్, ఫ్లోరైడ్, యురేనియం మాత్రం తాగే మోతాదుల్లో రంగును గానీ వాసనను గానీ ఇవ్వవు. వాటిలో ఫ్లోరైడ్, యురేనియంల ఫలితం ఏళ్ల తరువాత ఎముకల్లోనో మూత్రపిండాల్లోనో బయటపడుతుంది. అనుమానం కూడా ఇక్కడ తడబడుతుంది, ఎందుకంటే పొగ వంటి హేతువుకూ నిప్పు వంటి సాధ్యానికీ మధ్య తప్పని సంబంధం, అంటే వ్యాప్తి, ఒక్క ఊరి ఒక్క బావి విషయంలో స్థిరపడటం కష్టం; అరటితోట ఎండిపోవడానికి కారణాలు అనేకం ఉండవచ్చు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం కర్మాగారపు వ్యర్థాల చెరువు పక్కన కె.కె.కొట్టాల రైతులు తమ బోర్ల నీరూ పంటలూ పాడయ్యాయని వాపోయినప్పుడు ఎదురైన చిక్కు ఇదే.

కాబట్టి మిగిలేది శబ్దం, అంటే పరీక్షా నివేదిక. శబ్దానికి విలువ ఆప్తుని వల్ల వస్తుంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుణ్ణి యథార్థం పలికేవాడిగా నిర్వచించాడు. అంతకు చాలా ముందే న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు, విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలనే కోరికతో మాట్లాడేవాడే ఆప్తుడనీ, ఈ లక్షణం ఋషికీ ఆర్యునికీ మ్లేచ్ఛునికీ సమానమేననీ వివరించాడు. పుట్టుకా పదవీ ఆప్తత్వాన్ని ఇవ్వవన్న ఈ మాట ఎంతో లోతైనది. దీని ప్రకారం తన పొలం గురించి చెప్పే రైతు ఆప్తుడు కావచ్చు. ప్రాజెక్టు యాజమాన్యం ఇచ్చే రుసుముతో పర్యావరణ ప్రభావ అంచనా రాసే సలహాసంస్థకు జ్ఞానం ఉన్నా, ఎరిగినది ఎరిగినట్టు చెప్పగల స్వేచ్ఛకు హామీ లేదు. లోపం వ్యక్తులది కాదు, ఏర్పాటుది.

2019లో నంద్యాల సీమలోనే ఆళ్లగడ్డ మండలం యాదవాడ పరిసరాల్లో యురేనియం నిక్షేపాల అన్వేషణకు బోర్లు వేయబోతే గ్రామస్థులు అడ్డుకున్నారు. దానిని విజ్ఞానం పట్ల భయంగా కొట్టిపారేయడం అన్యాయం. తుమ్మలపల్లె అనుభవం తెలిసిన ప్రజలకు నమ్మదగిన మాట కరువైంది.

శాస్త్రం నిర్ణయించే పరిమితులు కూడా ఆకాశం నుంచి ఊడిపడవు. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు, 2004లో 15, 2011లో 30. భారత అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి మాత్రం 60. లీటరుకు 45 మైక్రోగ్రాములున్న నీరు ఒక లెక్కలో దోషి, మరొక లెక్కలో నిర్దోషి. తాగునీటి భారత ప్రమాణాల పత్రం ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్యంగా పేర్కొని, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తుంది. వేరే నీరు లేని గ్రామంలోని పిల్లవాని ఎముకలు ఎక్కువ విషాన్ని తట్టుకోలేవు. ఆ అదనపు అర మిల్లీగ్రాము పేదరికంపై పెట్టిన బరువే. ఇది రసాయనశాస్త్ర నిర్ణయంగా కనిపించే నైతిక నిర్ణయం.

సంశయం మిగిలినచోట ఎవరు రుజువు చేయాలన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1999లో, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడుకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో జవాబిచ్చింది. హైదరాబాదు తాగునీటి జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ సమీపంలో నూనె కర్మాగారం పెట్టవచ్చా అన్న ఆ వివాదంలో జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన తీర్పు, విజ్ఞానశాస్త్రానికి ఉన్న అనిశ్చితిని చర్చించి, ఉన్న స్థితిని మార్చదలచినవారే తమ పని నిరపాయకరమని నిరూపించాలని నిర్ధారించింది. హాని నిశ్చయమయ్యేదాకా ఆగక ముందే నివారించాలనే ఈ నియమాన్ని ముందుజాగ్రత్త సూత్రం అంటారు. నేరవిచారణలో సంశయ లబ్ధి ముద్దాయికి దక్కడం ధర్మమే, కానీ రసాయనం మనిషి కాదు, దానికి ఆ రక్షణ అక్కర లేదు.

2025లో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నియమావళి తెచ్చి, అనుమానిత స్థలాన్ని గుర్తించడం, పరీక్షించడం, శుద్ధి ఖర్చును కలుషితం చేసినవారి నుంచే రాబట్టడం వంటి దశలను నిర్దేశించింది. అయితే రేడియోధార్మిక వ్యర్థాలను, గనుల కార్యకలాపాలను వేరే చట్టాలకు వదిలివేసింది. నల్లమల అంచున ఉన్న ఆళ్లగడ్డ వంటి చోట్లకు కావలసిన రక్షణ సరిగ్గా అక్కడే పలచబడింది.

అందువల్ల ఈ ప్రాంతంలో ఏ తవ్వకానికైనా అనుమతి ఇచ్చే ముందు ప్రతి ఊరి బావులు, బోర్ల నీటిని యాజమాన్యం సొమ్ము తినని ప్రయోగశాల పరీక్షించాలి, నమూనాలను గ్రామస్థుల ఎదుటే తీసి సగం వారి దగ్గర భద్రపరచాలి, ఫలితాలను తెలుగులో గ్రామ సచివాలయం గోడమీద ప్రకటించాలి.