ఎవరు చూస్తారని దీపం?

గోదావరిని మా ఏర్గట్ల దిక్కు గంగ అంటాం. బాపు పోయినప్పుడు బొక్కలు తాడ్‌పాకల్ దగ్గర గంగలోనే కలిపాం. ఆ నీళ్లు ధవళేశ్వరం దాటాక గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతాయి. బాపు ఏ పాయ వెంట పోయాడో ఎవరు చెప్తారు? వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేదికి పోదామనుకున్నాను. ఊళ్లో ఫొటో స్టూడియో నడిపేవాణ్ణి కాబట్టి అక్కడి లైట్‌హౌస్ మీదా కన్నుంది.

నర్సాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగగానే ఆటో అతను "గుడికేనాండీ?" అన్నాడు. అంతర్వేది అంటే అందరికీ లక్ష్మీనరసింహస్వామే. లైట్‌హౌస్‌కని చెబితే, "దాన్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చారాండీ!" అని నవ్వాడు.

పొద్దు గూకాక తడి ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు దిగబడుతుంటే కింద కొబ్బరి డొక్కలు పెట్టి, షట్టర్ 30 సెకన్లు తెరిచి ఉంచాను. కంటికి వెలిగి ఆరుతున్న దీపం ఫొటోలో ఆరని చుక్కగా పడింది. చాలా లైట్‌హౌస్‌లలో నిజానికి దీపం ఆరదు. దాని చుట్టూ కటకం తిరుగుతుంటుంది, వెలుగు మన వైపు వచ్చినప్పుడే మనకు మెరుపు. ఒక్కో లైట్‌హౌస్ మెరుపులకు ఒక్కో లెక్క. సరంగు సెకన్లు లెక్కపెట్టి అది ఏ తీరమో పోల్చుకుంటాడు.

ఆ ఆరని చుక్కను చూస్తే విద్యారణ్యుల వేదాంత గ్రంథం పంచదశి గుర్తొచ్చింది. అందులో పదో ప్రకరణం పేరు నాటకదీపం. నృత్యశాలలోని దీపం ప్రభువుకూ, సభ్యులకూ, నర్తకికీ భేదం లేకుండా వెలుగిస్తుంది. అందరూ లేచిపోయినా అలాగే వెలుగుతుంది. మనలో అన్నీ చూసే సాక్షి అలాంటిదని తాత్పర్యం. లైట్‌హౌస్ కూడా సరుకు ఓడకూ, పల్లిపాలెం చేపల బోటుకూ తేడా చూపదు. ఉపగ్రహాలు దారి చెప్పే ఈ కాలంలో దాని సభ కూడా పలచబడింది. అయితే పోలిక అక్కడికే సరి. సాక్షికి నూనె అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. లైట్‌హౌస్‌కు ఒకప్పుడు నూనె కావాల్సి వచ్చేది, ఇప్పుడు కరెంటు కావాలి, అద్దం తుడిచే మనిషీ కావాలి. దీపానికి ఎవరి మీదా మమకారం లేదు. దాన్ని కట్టించింది మాత్రం ఓడలో ఉన్నవాళ్లు బతికి రావాలన్న మమకారమే.

కార్తీకంలో మా ఊరి గుడిలో ధ్వజస్తంభం మీదికి ఆకాశదీపం ఎత్తుతారు. చిల్లుల పాత్రలో చిన్న ప్రమిద. పితృదేవతలకు దారి చూపుతుందని నమ్మకం. అమ్మ రోజూ నూనె పట్టుకుపోతుంది. "గంత చిన్న దీపం బాపుకు కనవడ్తదా అమ్మా?" అని అడిగాను.

"కనవడుడు కనవడకపోవుడు ఆయన దిక్కుది. నూనె పోసుడు మన దిక్కుది."

ఇది గీత చెప్పిన ఫలత్యాగమే కదా అంటారు. నాకు అలా తోచదు. అమ్మ ఫలాన్ని వదులుకోలేదు. బాపుకు కనబడాలనే ఆమె కోరిక. ఆ కోరికను చంపుకోకుండానే, తీరిందో లేదో తెలిసే దారి లేకుండానే, మర్నాడు మళ్లీ నూనె పోస్తుంది. కోరికే లేనివాడికి ఫలం వదలడం ఏమంత కష్టం? ఖాళీ సభ నాటకదీపాన్ని బాధించదు. అమ్మను బాధిస్తుంది, అయినా ఆమె మానదు. ఈ రెండింటిలో నేను చెయ్యెత్తి మొక్కేది అమ్మ దీపానికే.