పాత వాద్యము – క్రొత్త వాద్యము

పాతది మేలా, క్రొత్తది మేలా యను ప్రశ్న మిక్కిలి పురాతనమైనది. ప్రఖ్యాతులైన పూర్వకవుల నాటకములుండగా నేటికవి నాటకమేల యను ఆక్షేపణను కాళిదాసంతవాడు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనయందే ఎదుర్కొనవలసివచ్చినది. కవిత్వమునకు వచ్చిన ఈ చిక్కు ఇల్లు కొనువానికిని, వాద్యము కొనువానికిని గూడ వచ్చుచుండును. మాకిది చిన్న సందర్భముననే వచ్చినది. అయినను దానివలన నేర్చినది చిన్నది కాదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చెన్నపట్టణమున మా సంఘమునకు యువకుల వాద్యబృందమొకటి కలదు. వయొలిను, తబలా, కీబోర్డు ఉన్నవి గాని, మంద్రస్థాయిని నిలబెట్టు బాస్ గిటారు లేకుండెను. ఉగాదిలోపల దానిని కొనవలెనని తీర్మానించి నలుబదివేల రూపాయలు కేటాయించితిమి. ఆ ధరకు క్రొత్తది అంగడిలో దొరకును. ఇంతలో మా సభ్యులలో ఒక వృద్ధురాలు, కీర్తిశేషుడైన తన భర్త వాయించిన పాత వాద్యమును అంతే ధరకు ఇత్తునని కబురుపంపిరి. ఆయన కోడంబాకము స్టూడియోలలో చిరకాలము పనిచేసినవారు. వాద్యము ఫెండర్ వారి ప్రెసిషన్ బాస్. మెడ విప్పి చూడగా దాని అడుగున 1966 నాటి ముద్ర యుండెను. అది చూచి మా వాయించు కుఱ్ఱవాని కన్నులు మెఱసినవి. ధర సమానము, ఏది కొనవలెను?

ఈ వాద్యమునకు మూలపురుషుడు లియో ఫెండర్ అను అమెరికా దేశీయుడు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నగరమునుండి 1951లో ఆయన దీనిని విపణికి తెచ్చెను. అంతకుముందు మంద్రస్వరములకు నిలువెత్తు డబుల్ బాస్ ముఖ్యాధారముగా నుండెను. దానిని మోయుట కష్టము. మెట్లు లేనందున స్వరస్థానము తప్పుట సులభము. తక్కిన వాద్యముల రొదలో వినబడుట దుర్లభము. ఫెండర్ ముప్పదినాలుగంగుళముల తీగ నిడివికి మెట్లమర్చి, తీగల క్రింద అయస్కాంతములను, వానిచుట్టు సన్నని రాగితీగ చుట్టను ఉంచెను. స్వరము కచ్చితముగా పలుకుననియే దానికి ప్రెసిషన్ అని పేరు. 1965లో ఆ కంపెనీ సి.బి.యస్. సంస్థకు అమ్ముడుపోయెను. అంతకుముందు చేసినవి మేలని ఒక ప్రతీతి నెలకొని వాని వెలలు మిన్నంటినవి. మా ముందున్నది ఆ గీటుకు ఈవల పడినను, అదియు నేడు లక్షలలో పలుకునని కుఱ్ఱవాడు విచారించి తెలిసికొనెను.

మొదట వాద్యమును గూర్చియే విచారింతము. పాతదాని పక్షమున చెప్పవలసినది కలదు. ఏబదియేండ్ల ఎండకు వానకు తట్టుకొని వంగని మెడ ఇకముందు వంగదని కొంత నమ్మవచ్చును. వ్రేళ్ల రాపిడికి అంచులు నునుపెక్కి చేతికి హాయిగా నుండును. మఱియొక చెట్టు కూల్చనక్కఱలేదు. ఒకప్పుడు ఇట్టి వాద్యముల మెడలపై పఱచిన బ్రెజిలు ఇరుగుడు అరుదైపోయినందుననే 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించిరి. పాతదాని దోషములును కలవు. మెట్లు అరిగిపోవును, అతుకులు ఊడును, మరలు వదులగును, కచేరీ నడుమ గొంతు మూగపోవచ్చును. క్రొత్తదానికి ఈ బాధలు తక్కువ. చెడినచో అంగడివాడు బాధ్యుడు. ఇంతవఱకు తూనిక ఇంచుమించు సమముగనే యున్నది.

అయితే పాతవానికై పరితపించువారు ఒక విషయము మఱచుచున్నారు. డెట్రాయిట్ నగరపు మోటౌన్ కంపెనీ పాటలలో జేమ్స్ జేమర్సన్ వాయించిన మంద్రస్వరములను నేటికిని గురుపాఠములుగా భావింతురు. ఆయన చేత ప్రసిద్ధికెక్కినది 1962 నాటి ప్రెసిషన్ బాస్. ఆ పాటలు రికార్డయినది ఆ దశాబ్దముననే గదా! అనగా నాడు దాని వయస్సు పదేండ్లయినను లేదు. నేడు లక్షలు పోసి పాతవానిలో వెదకుచున్న ఆ నాదము క్రొత్త వాద్యముపై పుట్టినది. తీగలు తెగిననే తప్ప ఆయన మార్చెడివాడు కాదట. 1983లో ఆయన మరణమునకు కొలదిదినముల ముందు ఆ వాద్యము దొంగలపాలయ్యెను. దానిని దొంగిలించినవాడు కొయ్యను, తీగలను తీసికొనిపోగలిగెను గాని ఆ చేతిని తీసికొనిపోగలిగెనా?

ఇంకొక వింత గలదు. 1995 నుండి ఫెండర్ వారే క్రొత్త వాద్యములను చేసి, వానిపై రంగు గీకి, ఇత్తడిని మసకబాఱించి, ఏండ్లు వాడినట్లు కనబడజేసి హెచ్చుధరకు అమ్ముచున్నారు. దాచుట లేదు గనుక దీనిని మోసమనము. కాని పని చేయకయే పనిచేసిన గుఱుతులు కోరు మనస్సు ఎట్టిదో ఆలోచింపదగినది.

మన వీణను చూడుడు. ఇరువదినాలుగు మెట్లు స్థిరముగా అమరిన వీణ తంజావూరు రఘునాథనాయకుని కాలమున రూపొందెనని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. నేడు మనము సనాతనమనుకొను ఆ వీణ పదునేడవ శతాబ్దమున ఒక నవ్యరూపము! మా యింట మూడు తరముల వీణ యొకటి కలదు. దాని మెట్లను నిలుపు మైనము సడలినపుడెల్ల తీసివేసి, క్రొత్త మైనముతో మరల అమర్చింతుము. తీగలు ఎన్నిమాఱులు మార్చితిమో లెక్కలేదు. అందువలన దాని గౌరవము తగ్గినదని మా యింట ఎవరును అనుకొనలేదు. పాత గిటారుల వర్తకమునందు తీరు వేఱు. రంగు మార్చినచో వెల పడిపోవును. అసలు భాగము తీసి క్రొత్తది వేసినచో మఱింత తగ్గును. కనుక కొందఱు బాగుచేయింపక, వాయింపక, అద్దాల బీరువాలో దాచుచున్నారు. వాయింపబడని వాద్యమునకు వయస్సు వచ్చును గాని అనుభవము రాదు.

ఇక అసలు ధర్మసందేహము. ఆ అమ్మగారికి తన చేతిలోనున్న దాని వెల తెలియదు, మాకు తెలిసినది. మా కార్యవర్గమున ఒకరు, "ఆమె అడిగినంత ఇచ్చుచున్నాము, ఇందు మోసమేమి? లాభము సంఘమునకే గదా!" అనిరి. ఆ మాట కొంతసేపు మాకును రుచించినదని ఒప్పుకొనుచున్నాము. కాని అంగడిలో క్రొత్తది కొనునపుడు వస్తువును గూర్చి అమ్మువానికి హెచ్చు తెలియును. అతడు దోషము దాచినచో మనము కోపింతుము. ఒకరి యింట పాతది కొనునపుడు ఒక్కొక్కసారి కొనువానికే హెచ్చు తెలియును. అపుడు గుణము దాచుట దోషము దాచుటకంటె ఎట్లు మేలగును? తెలిసినవానిపైననే భారముండును, అతడు అమ్మువాడైనను సరే, కొనువాడైనను సరే. సంఘము పేర చేసినంతమాత్రమున ఆ భారము తగ్గదు.

మేము వెళ్లి ఉన్నమాట చెప్పితిమి. ఆమె నమ్మలేదు. "ఆయన రెండుమాట్లు దీనికి మెట్లు మార్పించారు నాయనా. రంగు పోతే మళ్లీ వేయించారు. ఇంకా పాతదేముంది ఇందులో?" అనిరి. వెల తగ్గించు మరమ్మతులనే ఆమె చెప్పుచుండిరి. కాని అవియే ఆయన దానిని ప్రేమించెననుటకు సాక్ష్యములు. మరమ్మతులు పోను గూడ మేము ఈయగలిగినదానికంటె దాని వెల అనేకరెట్లు హెచ్చని వివరించితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే మీరెలా కొంటారు?" అని అడిగిరి. "కొనలేమమ్మా" అంటిమి. ఆమె కుఱ్ఱవానిని పిలిచి, ఆ సాయంకాలమంతయు దానిని వాయించుమనిరి. వాడు వాయించెను, ఆమె వంటగదిలోనుండి వినుచుండిరి. ఆమె దానిని ఇప్పటికిని అమ్మలేదు. అమ్ముటయో మానుటయో ఇక తెలిసి చేయుదురు.

మేము క్రొత్తది కొంటిమి. ఉగాదినాడు అది మ్రోగినపుడు శ్రోతలలో ఎవరును దాని వయస్సు అడుగలేదు. పాతది దొరకి, ధర న్యాయమై, వాయించుటకే కొనువారు దానిని నిక్షేపముగ కొనవచ్చును, మేము వలదనము. కాని పాత వస్తువును కొనగలముగాని, అది ఒకరి చేతిలో గడపిన యేండ్లను కొనలేము. క్రొత్తది కొన్నవానికి ఆ యేండ్లను తానే సమకూర్చు పని మిగులును. మా కుఱ్ఱవాడు ప్రతిసాయంకాలము ఆ పని చేయుచున్నాడు. మొన్ననే దాని అంచున మొదటి గీత పడినది. ఏబదియేండ్ల పిమ్మట దానిని ఎవరైన అమ్మదలచినచో, కొనవచ్చువారు ఉన్నమాట చెప్పువారు కావలెనని మా కోరిక.