రెండు పనులు, ఒక అమానత్

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు. తెలుగు రాసే ముస్లిమ్ ఈ మాట విన్నన్ని సార్లు ఇంకెవరూ విని ఉండరు. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు అంటే ఏదో ఒకటి తేల్చుకోమంటారు. ఉర్దూవాళ్లకు మన తెలుగు మీద అనుమానం. తెలుగువాళ్లకు మన ఉర్దూ మీద అనుమానం. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లనైతే 'మీరసలు ముస్లిములేనా' అని ఇటువాళ్లూ అడుగుతారు, అటువాళ్లూ అడుగుతారు. అందుకే ఎవరైనా రెండింటినీ పట్టుకుని బతుకుతామంటే నేను ముందు వాళ్ల పక్షానే నిలబడతాను.

మా బంధువులమ్మాయి విషయంలో మాత్రం అలా నిలబడటానికి కొంత ఆలోచించాల్సి వచ్చింది. ఆమె హైదరాబాద్‌లో ఆసుపత్రులకు సలహాలిచ్చే ఒక కంపెనీలో పని చేస్తుంది. సాయంత్రాలూ సెలవు రోజులూ మానసిక చికిత్సలో శిక్షణ తీసుకుంటోంది. మనసు బాగాలేనివాళ్ల ఎదుట కూర్చుని వినడం, తాను విన్న తీరు సరిగ్గా ఉందో లేదో అనుభవమున్న థెరపిస్టు దగ్గర సరిచూసుకోవడం ఆ శిక్షణలో భాగం. రెండింటికీ టైమెక్కడిదని ఇంట్లోవాళ్లు అడిగారు. టైము ఎలాగో దొరుకుతుంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ రెండు పనుల్లో ఆమె ఎవరి మనిషి?

మొదటి పని లెక్కల పని. ఆసుపత్రిలో ఎన్ని పడకలు నిండాయి, ఒక్కో రోగి సగటున ఎన్ని రోజులున్నాడు, ఒక్కో పడక మీద రోజుకు ఎంత రాబడి వచ్చింది అని చూసి, ఎక్కడ తగ్గించాలో ఎక్కడ పెంచాలో చెప్పడం. హైదరాబాద్‌కు 1988లో అపోలో వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి ఒక్కో వైద్యానికి ఒక్కో ప్యాకేజీ రేటు కట్టింది. రోగమూ రేటూ పక్కపక్కన రాసుకునే కాలంలో ఇలాంటి సలహాదారులకు గిరాకీ ఉండటంలో వింతేముంది?

నేను లెక్కను తిట్టను. 2006లో సచార్ కమిటీ లెక్కలు తీసి చూపించకపోతే మన వెనుకబాటు గురించి ఎంత మొత్తుకున్నా ఏడుపుగొట్టు మాటలని కొట్టిపారేసేవాళ్లు. 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మానసిక జబ్బులున్నవాళ్లలో జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందనివాళ్లేనని తేలింది. ఆ సంగతి చెప్పిందీ లెక్కే. లెక్క తీయకపోతే ఏమవుతుందో ఏర్వాడి చెబుతుంది. తమిళనాడులోని ఆ ఊళ్లో దర్గా చుట్టూ మనసు చెదిరినవాళ్లను ఉంచుకునే ప్రైవేటు కేంద్రాలుండేవి. 2001 ఆగస్టు 6న వాటిలో ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడికి తీసుకొచ్చిన కుటుంబాలు నమ్మకంతోనే తెచ్చాయి. ఎన్ని గొలుసులున్నాయి, తాళాలు ఎవరి దగ్గరున్నాయి అని లెక్క అడిగినవాళ్లు లేకపోయారు.

రెండో పని వినే పని. ఇది లెక్కకు లొంగదు. పాతబస్తీలో ఒక తల్లి 'దిల్ ఘబ్రారా' అంటుంది. తెలుగు తల్లి అదే బాధను 'గుండె దడగా ఉంది' అంటుంది. రెండు భాషల్లోనూ దుఃఖం గుండె పేరే చెప్పుకుంటుంది. ఆసుపత్రిలో ఆ మాట చెప్పగానే గుండె డాక్టరు దగ్గరికి పంపుతారు. పంపాల్సిందే, ముందు గుండెను చూడాల్సిందే. ఈసీజీ, ఎకో అన్నీ బాగుంటాయి. రెండు నెలలకు ఆమె మళ్లీ వస్తుంది. మళ్లీ అవే పరీక్షలు. కొడుకు గల్ఫ్ నుంచి ఫోను చేయడం మానేశాడన్న సంగతి ఏ కాగితం మీదా ఎక్కదు. దాన్ని అడిగి రాబట్టడానికి ఒక గంట కావాలి. ఆ గంటకు రేటు లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పగటి లెక్కలో ఆ తల్లి మళ్లీ మళ్లీ రావడం గుండె విభాగానికి రాబడి. సాయంత్రం గదిలో అదే రాక, ఎవరూ వినలేదనడానికి సాక్ష్యం. ఈ అమ్మాయి పొద్దున ఆ రాబడిని పెంచే సలహా రాసి, సాయంత్రం ఆ తల్లి ఎదుట కూర్చోగలదా?

రెండు భాషలతో దీన్ని పోల్చి ఊరుకుంటే పొరపాటే. నేను ఉర్దూలో నవ్వి తెలుగులో ఏడిస్తే నష్టపోయేవాళ్లు లేరు. ఒక భాష ఇంకో భాష దగ్గర జీతం తీసుకోదు. రెండు పనులు అలా కావు. ఒక పని కంపెనీకి జవాబు చెప్పాలి, రెండో పని ఎదుట కూర్చున్న మనిషికి జవాబు చెప్పాలి. ఆ ఇద్దరికీ పేచీ వచ్చిన రోజున మధ్యలో నలిగేది ఆ మనిషే.

దీన్ని తేల్చడానికి మన దగ్గర ఒక మాట ఉంది, అమానత్. నమ్మి దాచుకోమని ఇచ్చిన వస్తువు. అది నీ చేతిలో ఉంటుంది, నీది కాదు. ప్రవక్త మక్కా విడిచిపోయిన రాత్రి, తన ప్రాణం తీయాలని చూస్తున్న ఊరివాళ్లు దాచుకున్న సొమ్మును కూడా ఎవరిది వాళ్లకు ఇచ్చి రమ్మని అలీని వెనక ఉంచారని మనందరం చిన్నప్పుడు విన్నాం. చికిత్స గదిలో చెప్పిన మాట అలాంటి సొమ్మే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగి సంగతులు గోప్యంగా ఉంచాలని చెబుతుంది.

మన మనుషులకు ఈ గోప్యత ఇంకో విధంగా కూడా అవసరం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు ఎందరో ముస్లిమ్ యువకులను పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. కేసులు పెట్టినవాళ్లను తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. అలాంటి గల్లీలో కాగితం మీద పేరు రాస్తున్నామంటేనే తల్లుల చేతులు వణుకుతాయి. ఆ భయాన్ని దాటుకుని ఒకామె నోరు విప్పిందంటే, ఆమె పణంగా పెట్టింది చిన్నదేం కాదు.

కంపెనీకి కూడా ఈ అమ్మాయి ఉర్దూ మీద కన్నుంది. పాతబస్తీ రోగులు ఎలా ఆలోచిస్తారు, ఎందుకు రావడం లేదు, నీకు తెలుసుగా అని అడుగుతారు. ఇన్నాళ్లూ అనుమానంగా చూసిన మన భాష ఒక్కసారిగా మార్కెట్టుకు తాళంచెవి అవుతుంది. గౌరవంలాగే ఉంటుంది. జాగ్రత్తగా ఉండాల్సింది అప్పుడే.

ఆమె ఏం చేయవచ్చు? ఉర్దూలో కూడా ఫారాలు పెట్టమని పోరాడవచ్చు. గుండె విభాగంలో వినే మనిషినొకరిని కూర్చోబెట్టమని, అందుకు రాబడి తగ్గినా ఒప్పుకోమని నివేదికలో రాయవచ్చు. చేయకూడనిది కూడా స్పష్టమే. గదిలో విన్న ఒక్క కథ కూడా, పేరు తీసేసి అయినా సరే, ఆ నివేదికలోకి రాకూడదు. తాను సలహాలిచ్చే ఆసుపత్రి రోగిని తన గదిలో చూడకూడదు. పగలు తాను చేసే ఉద్యోగమేమిటో తన దగ్గరికి వచ్చినవాళ్లకు ముందే చెప్పాలి. విన్న తర్వాత లేచి వెళ్లిపోయే హక్కు వాళ్లకుండాలి.

శరీరాన్నీ మనసునూ కలిపి చూడటం మనకు కొత్త కాదు. అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్లకు పైగా కిందటే ఈ రెంటి ఆరోగ్యం గురించి ఒకే గ్రంథం రాశాడు. ఒకటి జబ్బు పడితే రెండోదీ బాధ పడుతుందని చెప్పాడు. కాబట్టి ఆసుపత్రి తెలిసిన మనిషి మనసు వైద్యం నేర్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. అలాంటివాళ్లు మనలోంచి ఇంకా రావాలి. ఒక షరతు మాత్రం ఉంది. నువ్వెవరని అడిగితే 'రెండూ' అని చెప్పే హక్కు ఆమెకుంది, మనందరికీ ఉంది. నీ ఎదుట కూర్చున్న మనిషికీ నీకు జీతమిచ్చే కంపెనీకీ పేచీ వస్తే ఎవరి పక్షమని అడిగినప్పుడు మాత్రం 'రెండూ' అనేది జవాబు కాదు.