బొమ్మ విమానము – క్రింది నేల

పదియేండ్ల బాలుని వెంటబెట్టుకొని బొమ్మల యంగడికి బోయినవారికి బేరమాడుటకంటె కష్టమైన పని యొకటి తటస్థించును. అది వాని ప్రశ్నలకు బదులు చెప్పుట. గడచిన వేసవి సెలవులలో మా మేనల్లుడు యుద్ధవిమానపు నమూనా నొకదానిని కొనిపెట్టుమని కోరగా, వానిని దోడ్కొని యట్టి యంగడికి బోయితిమి. అట్టపెట్టెలు వరుసగా పేర్చియుండెను. ప్రతి పెట్టెమీదను మబ్బులను జీల్చుకొనిపోవు విమానమొకటి చిత్రింపబడి యుండెను. వాడొక్కొక్క పెట్టెను చేతబట్టి, "మామయ్యా, ఇది మంచివాళ్ళ విమానమా, చెడ్డవాళ్ళ విమానమా?" అని యడుగజొచ్చెను. మొదట నవ్వుకొంటిమి. పిదప నా నవ్వు నిలువలేదు. పెద్దవారమైన మనము ఈ ప్రశ్న నడుగుట మానివేసితిమే కాని, సమాధానము దొరికి మానినవారము కాము.

ఈ నమూనాల సంగతి యెరుగని చదువరుల కొక మాట. పెట్టెలో విమానముండదు, దాని ముక్కలుండును. ప్లాస్టిక్ చట్రములకు అంటుకొనియున్న రెక్కలు, తోక, చక్రములు మున్నగువానిని ఒక్కటొక్కటిగా కోసి, అంచులు నున్నచేసి, జిగురుతో నదికి, రంగులు పూయవలయును. తుదకు సైన్యపు గుర్తులు ముద్రించిన కాగితమును నీటిలో నానవేసి, ఆ ముద్రలను మెల్లగా జార్చి యంటింపవలయును. పరిమాణమునకు లెక్క కలదు. డెబ్బదిరెండవ వంతు నమూనాయనగా ఆరడుగుల కొక యంగుళము. ఇంగ్లండులో 1936వ సంవత్సరముననే ఈ పరిమాణపు నమూనాలు అమ్మకమునకు వచ్చినవి. ఎయిర్‌ఫిక్స్ వారి స్పిట్‌ఫైర్ పిదప వెలువడినది. ఈ వినోదమును మేము నిందింపము. ఓరిమి, చేతినేర్పు, కొలతయందు నిజాయితీ దీనివలన నలవడును. రెక్కమీది రివెట్లు ఒకటి తక్కువైనను సహింపని నిష్ఠాపరులు ఈ వినోదమున గలరు. అట్టి నిష్ఠ మన బడిపిల్లలకు గణితమునం దబ్బిన నెంత బాగుండును!

ఐనను యుద్ధసాధనమును బొమ్మగా నింటికి దెచ్చుట తగునా యను శంక రాకమానదు. దీనికి రెండు తెగల వారు రెండు విధములుగా బదులు చెప్పుదురు. హింసకు సంబంధించిన దేదియు పిల్లవాని చేతికి రాకూడదని యొక తెగవారు. ఇది వట్టి ప్లాస్టిక్ ముక్క, దీనికి ధర్మాధర్మ విచారమేల యని రెండవ తెగవారు. మొదటివారి హృదయము మంచిదే. కాని తుపాకిబొమ్మ నియ్యని యింట చీపురుపుల్లయే తుపాకి యగుట మన మెరుగనిది కాదు. పైగా, కనబడకుండ దాచినంతమాత్రమున యుద్ధము లోకమునుండి తొలగదు. ఇక రెండవవారి మాట నిజమైనచో, బాలుడు సరకులు మోయు విమానమును విడిచి, పోరాడిన విమానమునే యేల కోరుచున్నాడు? అంగడిలో నమ్మబడునది ప్లాస్టిక్ కాదు. దాని వెనుకనున్న కథ. కథను కొన్నవాడు ఆ కథకు కొంత బాధ్యుడగును.

మంచి విమానము, చెడ్డ విమానము అను భేదము యంత్రమందు గలదా? స్పిట్‌ఫైర్‌నే తీసికొందము. ఆర్. జె. మిచెల్ దీని రూపకర్త. 1936 మార్చిలో నిది మొదట నెగిరినది. మరుసటి యేటనే యాయన కన్నుమూసెను. దాని కోడిగ్రుడ్డు వంపు రెక్కలను జూచి ముచ్చటపడనివారరుదు. ఆ రెక్క పలుచగా నుండవలయును, ఎనిమిది మరతుపాకులకు చోటు నీయవలయును. ఆ యందము ఈ రెండక్కరలను తీర్చుటలోనుండియే పుట్టినది. 1940లో హిట్లరు విమానములనుండి ఇంగ్లండును గాచినవానిలో నిది ముఖ్యమైనది. 1947లో మన వైమానికులును దీనిని కాశ్మీరమున నడపిరి. ఆ కాలముననే డచ్చివారు స్వాతంత్ర్యము గోరు ఇండోనేషియావారిపై దీనిని ప్రయోగించిరి. 1948లో ఈజిప్టువారును ఇజ్రాయేలువారును ఈ విమానము నెక్కియే పరస్పరము పోరాడిరి. కావున యంత్రమునకు కులము లేదు, పక్షము లేదు. పక్షమంతయు నీటిలో నానవేయు నా ముద్రల కాగితమునందే యున్నది.

ఆ కాగితమును మేము శ్రద్ధగా జూచితిమి. ఒకే పెట్టెలో రెండు మూడు దళముల గుర్తులుండుట కలదు. వానిలో నొకదాని నెన్నుకొన్నవాడు ఒక జాతిని, ఒక దళమును, ఒక్కొక్కప్పు డొక దినమునుగూడ నెన్నుకొనుచున్నాడు. జర్మనీలో నాజీల స్వస్తిక గుర్తును బహిరంగముగా ప్రదర్శించుట చట్టవిరుద్ధము. అందుచే పలు పెట్టెలలో నా ముద్ర యుండనే యుండదు. కొన్నిటిలో రెండు ముక్కలుగా నుండును. చట్టము చేసినవారి సిగ్గును మేము గౌరవింతుము. కాని మన యింట నున్న నమూనా తోకమీద నా చోటు ఖాళీగా నున్నపుడు, ఖాళీ యేలనో పిల్లవానికి చెప్పకుండుట మాత్రము తగదు.

ఇంతలో మా మేనల్లుడు రెండు పెట్టెలు తెచ్చి మా యెదుట నుంచెను. ఒకటి జపానువారి నకాజిమా బీ5ఎన్. ముగ్గురు కూర్చుండునది, సముద్రముమీద నోడలనుండి యెగురునది. రెండవది అమెరికావారి బీ-29. మొదటిదానిని చూచినంతనే మేము తల యడ్డముగా ద్రిప్పి, "అది వలదు, అది మన కాకినాడమీద బాంబులు వేసిన రకము" అంటిమి. అది సత్యమే. 1942 ఏప్రిల్ 6వ తేదీన బంగాళాఖాతమునకు వచ్చిన ర్యూజో యను జపాను విమానవాహక నౌకనుండి యెగిరిన యీ జాతి విమానములే కాకినాడపైనను విశాఖపట్టణముపైనను బాంబులు వేసినవి. కొందరు ప్రాణములు గోల్పోయిరి. మా నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల. సామాను బండి కెత్తుకొని యూరు విడిచిన సంగతియు, పొయ్యిమీది యన్నము పొయ్యిమీదనే వదలిన సంగతియు నామె ముసలితనమున గూడ చెప్పుచుండెడిది. పిమ్మట నామె జీవితకాలమంతయు విమానపు చప్పుడు వినినపుడు తలయెత్తి చూడలేదు, తల వంచుకొనెడిది.

"అయితే ఇది తీసుకోనా?" అని వాడు బీ-29 పెట్టెను ముందుకు జరపెను. మేము సరేయనబోతిమి. నోటివరకు వచ్చిన యా మాట నాపినది పెట్టెమీది పేరు. ఎనోలా గే! అది యా విమానమును నడపిన పాల్ టిబెట్స్ అను నతని తల్లి పేరు. 1945 ఆగస్టు 6వ తేదీ యుదయము 8 గంటల 15 నిమిషములకు హిరోషిమా మీద అణుబాంబును విడిచిన విమానమది. కాకినాడపై బాంబు వేసినదానిని క్షణములో తిరస్కరించిన మేము, ఒక మహానగరమును బూడిదచేసినదానిని క్షణములో నంగీకరింప సిద్ధపడితిమి. ఈ రెండింటికిని భేదమేమి? దాని క్రింద మా నాయనమ్మ యుండెను. దీని క్రింద లేదు. అంతియే. క్రిందనున్నవారు మనవారైన చెడ్డ విమానము. పరులైన నందమైన విమానము. మా ధర్మబుద్ధి పొడవెంతయో నాడు మాకు దెలిసినది. దానిని కొలుచుటకు అంగుళముల బద్ద చాలును.

కొలతయందు నిష్ఠ గలవారే ఈ లెక్కను గూడ చేసి చూడవలయునని మా విన్నపము. డెబ్బదిరెండవ వంతున బీ-29 రెక్కల నిడివి రమారమి రెండడుగులు. అది హిరోషిమామీద 31,000 అడుగుల యెత్తున నెగిరినది. మన నమూనా నంతయెత్తున నిలుపవలయుననిన 430 అడుగులు కావలయును. బాంబు ప్రేలినది మన నేలకు ఇరువదియారడుగుల పైన. మనుష్యుని యెత్తు ఒక్క యంగుళము. ఆ యేడాది చివరకు హిరోషిమాలో మరణించినవారు రమారమి 1,40,000 మందియని లెక్క. ఒక్కొక్కరికి ఒక్కొక్క యంగుళము చోటిచ్చి ప్రక్కప్రక్కన నిలిపినను ఆ వరుస రెండు మైళ్ళు దాటును. పెట్టెలో రివెట్లన్నియు నున్నవి. ఈ రెండు మైళ్ళు లేవు. ఇట్టి నమూనాను కొలతకు సరిపోయినదని యెట్లనగలము? జపానులో ఈ నమూనాల పరిశ్రమకు పేరుగన్న షిజువోకా నగరమును గూడ 1945 జూనులో బీ-29 విమానములే కాల్చినవి. తమ యూరిని గాల్చిన లోకమునకు బొమ్మలు చేసి యిచ్చుచున్న యా నగరమునుగూర్చి పెట్టెపై నొక్క మాటయు గానరాదు.

ఈ దృష్టి మనకు కొత్తది కాదు. వాల్మీకి రామాయణమున, లంకనుండి తిరిగివచ్చునపుడు పుష్పక విమానము పైకెగసిన పిమ్మట రాముడు సీతకు మొదట జూపినది మబ్బులను గాదు, లంకను, రణభూమిని. ఎవ్వరెవ్వ రెక్కడ గూలిరో చూపుచు, రావణునికై మండోదరి విలపించిన చోటునుగూడ జూపెను. గెలిచినవాడు విమానమం దుండియు శత్రువు భార్య యేడ్చిన చోటును గుర్తుంచుకొని భార్యకు జెప్పెను. పుష్పకముయొక్క వేగమును, సొంపును మన పురాణపండితు లెన్నియో మారులు వర్ణింతురు. ఈ యొక్క సన్నివేశము దగ్గర మాత్రము త్వరపడి సాగిపోవుదురు.

కావున నేది కొనవలయునను ప్రశ్నకు మా సమాధానమిది. విమానమును బట్టి మంచిచెడ్డలు నిర్ణయింపరాదు. దాని క్రింది నేలను జూడనొల్లని కొనుగోలే చెడ్డది. ఆ నేలను దెలిసికొన నిష్టపడిన బాలునికి ఏ పెట్టెయైన నీయవచ్చును. ఇష్టపడనివానికి, వానికంటె ముఖ్యముగా చెప్ప నిష్టపడని పెద్దలకు, స్పిట్‌ఫైర్‌ను గూడ నీయరాదు. పసివారి మనసులు చెడునని భయపడువారికి మే మొకటి విన్నవింతుము. యుద్ధమున మరణము గలదని తెలిసిన బాలుడు చెడిపోడు. యుద్ధమున మరణము లేదని నమ్మి పెరిగినవాడే రేపు సభలలో యుద్ధము కావలయునని చప్పట్లు కొట్టును.

మేము బీ-29ను దాని చోటనే పెట్టించి, మొదట కాదన్న బీ5ఎన్‌నే కొంటిమి. మనకు బాగుగా దెలిసిన నేలనుండియే యారంభించుట మేలని తోచినది. అంగడినుండి తిరిగివచ్చుచు, మా నాయనమ్మ చెప్పిన పొయ్యిమీది యన్నపు కథను వానికి జెప్పితిమి. వాడు చాలసేపు మాటాడక, "వాళ్ళు ఆ రోజు ఏం తిన్నారు?" అని మాత్రమడిగెను. మాకు తెలియదంటిమి. మా నాయనమ్మను మేమెన్నడు నా ప్రశ్న నడుగలేదు.

మూడు వారములు కూర్చుండి వాడు దానిని పూర్తిచేసెను. ఎడమరెక్క కొంచెము వంకరగా నదికినది; తోకమీది ముద్ర యొకటి చినిగినది. ఇట్టి నమూనాల పీటమీద విమానము పేరు వ్రాయుట వాడుక. వాడు పేరు వ్రాయక, "కాకినాడ, 6-4-1942" అని వ్రాసినాడు. మా యింటికి వచ్చినవారు రెక్కల వంకర జూచి నవ్వి, పిదప పీట జూచి, కాకినాడ యేమని యడుగుచున్నారు. వాడు చెప్పుచున్నాడు.