దారి మళ్ళిన యాత్రికుని ధర్మము



డోర్నకల్ జంక్షనులో కాజీపేట–విజయవాడ రైలుదారి నుండి ఒక పాయ చీలి భద్రాచలం రోడ్డు స్టేషనుకు, అనగా కొత్తగూడెమునకు, పోవును. అచ్చట బండి తనంతట దారి మళ్ళదు. పట్టాలు కలిపి, సిగ్నలు చూపువారు వేఱుగ నున్నారు. రహదారిపై కారు నడుపు యాత్రికుడు తన దారిని తానే మళ్ళించుకొనును. కావున అందలి ధర్మాధర్మములకును తానే బాధ్యుడు.

సంక్రాంతికి హైదరాబాదు–విజయవాడ 65వ జాతీయ రహదారిపై, పంతంగి టోల్‌గేటు వద్ద వాహనములు బారులు తీరుట ఏటేట చూచుచున్నదే. శ్రీరామనవమికి భద్రాచలము పోవువారికిని రద్దీ తప్పదు. అప్పుడు చేతిలోని ఫోను ఒక పల్లెబాటను చూపును. అది వాహనముల వేగమును లెక్కించి, ఏ దారిన ముందుగ చేరుదుమో చెప్పగలదు. కాని ఆ దారిపై మిరపకాయలు ఆరబోసిన రైతును, బడి నుండి వచ్చు పిల్లలను, ఇంటికి మళ్ళు పసులను అది యెఱుగదు. వేయిమందికి ఒకే సలహా దొరకగా ఆ యిఱుకు బాటయు నిండిపోవును. మన నిరీక్షణ తగ్గుటకై ఏ ఊరివారో తమ వీధిని దాటలేక నిలిచిపోవుదురు.

అట్లని దారి మళ్ళుట పాపమా? కాదు. ఒక్కొక్కప్పుడు పోలీసులే మళ్ళింతురు. మళ్ళిన దారిలో ఎట్లు నడచితిమన్నదే ప్రశ్న.

ఇందులకు అయోధ్యాకాండమున భరతుడే మనకు గురువు. అన్నగారిని మరల్చి తెచ్చుటకై మహాసేనతో బయలుదేరిన ఆ మహానుభావుడు, భరద్వాజాశ్రమము కనబడగానే సేనను క్రోసెడు దూరమున నిలిపి, వసిష్ఠుని ముందిడుకొని కాలినడకన పోయెను. సేనను ఏల తేలేదని మహర్షి యడుగగా, ఏనుగులు, గుఱ్ఱములు, జనము ఆశ్రమములోని చెట్లను, నీటిని, నేలను, పర్ణశాలలను పాడుచేయునేమో యని వెఱచితినని విన్నవించెను. శ్రీరాముని చూడవలెనను ఆతురత భరతునికంటె మనకు ఎక్కువయా?

చేతనాచేతనములన్నియు భగవంతుని శరీరమని శ్రీమద్రామానుజుల సిద్ధాంతము. అట్లయిన మనము దుమ్ము రేపుచు దాటిపోయిన ఆ పల్లెయు ఆయన శరీరమే కదా! కావున ఊరు రాగానే వేగము తగ్గింతము. హారను మ్రోగింపక, ఎడ్లబండికి దారి యిత్తము. ఆరబోసిన పంటను త్రొక్కకుందము. బాట మఱీ యిఱుకైనచో రహదారిపైననే నిలిచి, ఆ ఆలస్యమును నామసంకీర్తనముతో గడుపుదము.

స్వామి దర్శనము కొంత ఆలస్యమైనను లభించును. చక్రము క్రిందపడిన ప్రాణము మరల రాదు. భద్రాద్రిరాముడు మన ప్రయాణములను, మనము దాటిపోవు ఊళ్ళను చల్లగా కాచుగాక!